గ్యారేజ్ సీలింగ్‌కి హీటర్ పెట్టిస్తున్నారా? కిలోవాట్లు చూసే ముందు ఈ లెక్క చూడండి

అమెరికా, కెనడాల్లో ఉండే మన టెక్ ప్రియుల్లో చాలామందికి గ్యారేజ్ అంటే కారు పెట్టుకునే చోటు మాత్రమే కాదు. త్రీడీ ప్రింటర్, సోల్డరింగ్ స్టేషన్, డ్రోన్ రిపేర్ టేబుల్, పాత ల్యాప్‌టాప్‌లు, వడ్రంగి పనిముట్లు అన్నీ అక్కడే ఉంటాయి. అక్టోబర్ వరకు అంతా బాగానే నడుస్తుంది. డిసెంబర్ వచ్చేసరికి మిషిగన్, షికాగో, మిన్నెసోటా లాంటి చోట్ల ఆ వర్క్‌షాప్ కాస్తా ఫ్రీజర్ అయిపోతుంది.

చలికి చేతులు వణకడం ఒక్కటే సమస్య కాదు. లిథియం అయాన్ బ్యాటరీలను సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పొరలా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది. డ్రోన్ బ్యాటరీ అయినా కార్డ్‌లెస్ డ్రిల్ బ్యాటరీ అయినా ఇదే కథ. త్రీడీ ప్రింటింగ్‌కి వాడే రెసిన్ చలికి చిక్కబడి ప్రింట్లు ఫెయిల్ అవుతాయి. ఏబీఎస్ ఫిలమెంట్ ప్రింట్లు అంచుల దగ్గర పైకి లేస్తాయి.

అందుకే చాలామంది సీలింగ్‌కి బిగించే హీటర్ వైపు చూస్తారు. నేల మీద చోటు తినదు, కాలికి తగలదు, గాలి గది మొత్తానికీ అందుతుంది. అయితే ఆన్‌లైన్‌లో వెతకగానే 5 కిలోవాట్లు, 7.5 కిలోవాట్లు, 45,000 బీటీయూ అంటూ నంబర్లు వరస కడతాయి. పెద్ద నంబర్ ఉన్నదే బెస్ట్ అనుకుని ఆర్డర్ పెట్టేస్తారు. మొబైల్ కెమెరాలో మెగాపిక్సెల్స్ చూసి మోసపోయినట్టే ఇది కూడా.

అసలు సంగతి ఏంటంటే, మీకు ఏ హీటర్ కావాలో తేల్చేది హీటర్ స్పెసిఫికేషన్ కాదు. మీ గ్యారేజ్ నుంచి వేడి ఎంత బయటికి పోతోంది, మీ ఎలక్ట్రికల్ ప్యానెల్‌లో ఎంత చోటు మిగిలింది అనే రెండు విషయాలే దాన్ని తేలుస్తాయి. ఈ రెండూ తెలిస్తే చిన్న హీటర్‌తోనే పని అయిపోవచ్చు. తెలియకపోతే పెద్ద హీటర్ పెట్టినా చలి పోదు, బిల్లు మాత్రం పేలిపోతుంది. ఒక్కో దాని మీద ఓ లుక్కేద్దాం.

వాట్లు, బీటీయూలు: ముందు ఇది క్లియర్ చేసుకుందాం

ఎలక్ట్రిక్ హీటర్‌ని వాట్లలో, గ్యాస్ హీటర్‌ని బీటీయూలలో కొలుస్తారు. 1 వాట్ అంటే గంటకు 3.412 బీటీయూ. అంటే 5,000 వాట్ల హీటర్ గంటకు సుమారు 17,060 బీటీయూ ఇస్తుంది.

ఊహించుకోవడానికి ఒక పోలిక: మన ఊళ్లో బాత్రూమ్‌లో ఉండే మామూలు గీజర్ 2 కిలోవాట్లు ఉంటుంది. 5 కిలోవాట్ల గ్యారేజ్ హీటర్ అంటే అలాంటి రెండున్నర గీజర్లు ఒకేసారి ఆన్ చేసినట్టు. అదీ పది నిమిషాలు కాదు, గంటల తరబడి.

మరి మామూలు సాకెట్‌లో గుచ్చే చిన్న హీటర్ సరిపోదా? అమెరికాలో మామూలు సాకెట్ 120 వోల్ట్‌లది. దాని మీద నడిచే హీటర్లు 1,500 వాట్ల దగ్గర ఆగిపోతాయి. అంటే 5,118 బీటీయూ. చలి రోజున రెండు కార్ల గ్యారేజ్‌కి ఇది ఏ మూలకీ రాదు. అందుకే సీలింగ్ హీటర్లు ఎక్కువగా 240 వోల్ట్‌ల మీద నడుస్తాయి.

అసలు లెక్క: వేడి ఎక్కడి నుంచి పారిపోతోంది?

మీకు ఓమ్స్ లా తెలుసు కదా. వోల్టేజ్‌ని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంట్ వస్తుంది. వేడి కూడా ఇలాగే ప్రవహిస్తుంది. లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా వోల్టేజ్ లాంటిది. గోడకు ఉన్న ఇన్సులేషన్ రెసిస్టెన్స్ లాంటిది. దీన్నే ఆర్ వాల్యూ అంటారు. ఆర్ వాల్యూ ఎంత ఎక్కువైతే వేడి అంత తక్కువగా పోతుంది.

ఫార్ములా ఇదే: చదరపు అడుగుల్లో వైశాల్యాన్ని ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత తేడాతో గుణించి, ఆర్ వాల్యూతో భాగించాలి. వచ్చేది గంటకు ఎన్ని బీటీయూలు పోతున్నాయో చెప్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటిని ఆనుకుని ఉన్న రెండు కార్ల గ్యారేజ్. పొడవు 20 అడుగులు, వెడల్పు 20 అడుగులు, ఎత్తు 9 అడుగులు. నాలుగు గోడల్లో ఒకటి ఇంటి వైపు ఉంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. గ్యారేజ్ డోర్ 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. బయట 10 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 12 సెల్సియస్. లోపల మనకు 60 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 15.5 సెల్సియస్ కావాలి. తేడా 50 డిగ్రీల ఫారెన్‌హీట్.

ఇన్సులేషన్ ఏమీ లేని గ్యారేజ్ అయితే గంటకు పోయే వేడి ఇలా ఉంటుంది.

సీలింగ్: 400 చదరపు అడుగులు, డ్రైవాల్ ఒక్కటే ఉంటే ఆర్ 2 అనుకుందాం. 10,000 బీటీయూ.
గోడలు: డోర్ తీసేస్తే 428 చదరపు అడుగులు, ఆర్ 4. 5,350 బీటీయూ.
డోర్: 112 చదరపు అడుగులు, పల్చటి స్టీల్ రేకు, ఆర్ 1. 5,600 బీటీయూ.
సందుల్లోంచి దూరే గాలి: గంటకు రెండుసార్లు గదిలో గాలి మొత్తం మారుతుందనుకుంటే 6,480 బీటీయూ.
కాంక్రీట్ ఫ్లోర్ అంచులు: 2,190 బీటీయూ.

మొత్తం 29,620 బీటీయూ. కిలోవాట్లలో చెప్పాలంటే 8.7.

అంటే ఈ గ్యారేజ్‌లో 5 కిలోవాట్ల హీటర్ రోజంతా ఆగకుండా తిరిగినా 60 డిగ్రీలు రాదు. 7.5 కిలోవాట్లు కూడా చాలదు. రివ్యూలలో ఒకరు ఈ హీటర్ సూపర్ అని ఐదు స్టార్లు ఇస్తే, ఇంకొకరు అదే హీటర్ వేస్ట్ అని ఒక్క స్టార్ ఇవ్వడానికి చాలాసార్లు కారణం ఇదే. హీటర్ ఒకటే, గ్యారేజ్‌లు వేరు.

ఇప్పుడు హీటర్ జోలికి పోకుండా మూడు పనులు చేద్దాం.

ఒకటి, సీలింగ్ పైన అటకలో ఆర్ 30 ఇన్సులేషన్ పరిస్తే 10,000 బీటీయూ కాస్తా 667కి పడిపోతుంది. మొత్తం నష్టం 20,287. అంటే 5.9 కిలోవాట్లు.

రెండు, డోర్‌కి ఆర్ 8 ఇన్సులేషన్ వేస్తే 5,600 నుంచి 700కి దిగుతుంది. మొత్తం 15,387. అంటే 4.5 కిలోవాట్లు.

మూడు, డోర్ చుట్టూ, కింద రబ్బరు సీల్స్ మార్చి గాలి దూరడం సగానికి తగ్గిస్తే మొత్తం 12,147. అంటే 3.6 కిలోవాట్లు.

గోడలను ముట్టుకోనేలేదు. అయినా 8.7 కిలోవాట్ల అవసరం 3.6కి వచ్చేసింది. ఇప్పుడు అదే 5 కిలోవాట్ల హీటర్ గదిని 60 డిగ్రీల దగ్గర నిలబెట్టి, ఇంకా 1.4 కిలోవాట్లు గదిని వేడెక్కించడానికి మిగుల్చుకుంటుంది.

ఈ మూడింటిలో ఒక్కటే చేయగలిగితే సీలింగ్ చేయండి. లెక్కలో అన్నిటికంటే పెద్ద నంబర్ అదే. డోర్ విషయంలో ఒక్క జాగ్రత్త. ఇన్సులేషన్ వేస్తే డోర్ బరువు పెరుగుతుంది, స్ప్రింగ్ మళ్లీ సెట్ చేయించాలి. ఆ స్ప్రింగ్‌లో ఉండే బలం మనిషిని ఘోరంగా గాయపరచగలదు. దాన్ని మాత్రం టెక్నీషియన్‌కే వదిలేయండి.

ఎలక్ట్రిక్, గ్యాస్, ఇన్‌ఫ్రారెడ్: ఏది ఎవరికి?

ఎలక్ట్రిక్ ఫ్యాన్ హీటర్: లోపల వేడి కాయిల్స్, వెనక ఫ్యాన్. పొగ లేదు, చిమ్నీ అక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేయడం తేలిక. కానీ కరెంట్ ఖర్చు ఎక్కువ.

గ్యాస్ హీటర్: మోడైన్ హాట్ డాగ్, మిస్టర్ హీటర్ బిగ్ మాక్స్ లాంటివి ఈ రకం. 45,000 బీటీయూ మోడల్ 80 శాతం ఎఫిషియెన్సీతో నడిస్తే గదిలోకి 36,000 బీటీయూ వస్తుంది. ఇన్సులేషన్ లేని మన ఉదాహరణ గ్యారేజ్‌ని కూడా ఇది వేడెక్కించేస్తుంది. అయితే గ్యాస్ లైన్ కావాలి, పొగ బయటికి పోయే గొట్టం పైకప్పు నుంచో గోడ నుంచో తీయాలి, ఫ్యాన్‌కి 120 వోల్ట్‌ల కరెంట్ కూడా ఇవ్వాలి. రంపపు పొడి, పెయింట్ ఆవిర్లు ఉండే వర్క్‌షాప్ అయితే మండడానికి కావలసిన గాలిని బయటి నుంచి తెచ్చుకునే మోడల్ తీసుకోవడం మంచిది.

ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్: ఇది గాలిని కాకుండా ఎదురుగా ఉన్న మనిషినీ వస్తువునూ వేడి చేస్తుంది. ఎండలో నిలబడితే వెచ్చగా అనిపిస్తుంది కదా, అలాగే. మీరు ఒకే బెంచ్ దగ్గర కూర్చుని సోల్డరింగ్ చేసుకునే రకం అయితే బెంచ్ పైన 1,500 వాట్ల ప్యానెల్ ఒకటి చాలు. గది మొత్తం వేడెక్కాలంటే మాత్రం ఇది సరిపోదు.

ఖర్చు సంగతి చూద్దాం. కరెంట్ యూనిట్ 17 సెంట్లు, గ్యాస్ థర్మ్ 1.40 డాలర్లు అనుకుందాం. మీ బిల్లు చూసి మీ రేట్లు పెట్టుకోండి. గదిలోకి లక్ష బీటీయూల వేడి రావాలంటే కరెంట్‌తో 29.3 యూనిట్లు, అంటే సుమారు 5 డాలర్లు. 80 శాతం గ్యాస్ హీటర్‌తో 1.25 థర్మ్‌లు, అంటే 1.75 డాలర్లు.

చూడగానే గ్యాస్ విన్నర్ అనిపిస్తుంది. కానీ ఆగండి. ఇన్సులేషన్ చేసిన గ్యారేజ్‌లో మీరు వారానికి ఒక రోజు 5 గంటలు పని చేస్తారనుకుందాం. నెలకు 20 గంటలు. పైన చెప్పిన చలిలో కరెంట్ ఖర్చు నెలకు సుమారు 12 డాలర్లు, గ్యాస్ ఖర్చు 4 డాలర్ల చిల్లర. తేడా 8 డాలర్లు. ఆ 8 డాలర్ల కోసం గ్యాస్ లైన్, పొగ గొట్టం పని పెట్టుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. రోజూ గ్యారేజ్‌లోనే పని చేసేవాళ్లకు మాత్రం గ్యాస్ లాభమే.

ఒక్క హెచ్చరిక. పొగ గొట్టం లేకుండా గదిలోనే మండే ప్రొపేన్ టార్పెడో హీటర్లను మూసిన గ్యారేజ్‌లో వాడకండి. కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు, ప్రాణం తీస్తుంది. దానికి తోడు 1 కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. అంటే 9 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి గదిలోకి బకెట్ నీళ్లు చేరినట్టే. చల్లటి గోడలు, పనిముట్లు, సర్క్యూట్ బోర్డుల మీద అది తేమగా దిగుతుంది.

ప్యానెల్‌లో చోటు ఉందా?

ఇక రెండో ప్రశ్న. మన దగ్గర ఇంటికి వచ్చే 230 వోల్ట్‌ల సరఫరాలో ఒకటి ఫేజ్, ఒకటి న్యూట్రల్. అమెరికాలో 240 వోల్ట్‌ల సర్క్యూట్‌లో రెండు వైర్లలోనూ కరెంట్ ఉంటుంది. ఒక్కోటి న్యూట్రల్‌తో 120, రెండింటి మధ్య 240. అందుకే దీనికి రెండు చోట్లు ఆక్రమించే డబుల్ పోల్ బ్రేకర్ కావాలి. ఒక వైర్ ఆపి పని చేద్దామంటే రెండోది షాక్ కొడుతుంది.

అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం బిగించిన రూమ్ హీటర్‌ని నిరంతర లోడ్‌గా లెక్కించాలి. అంటే హీటర్ తీసుకునే కరెంట్‌కి 125 శాతం పట్టే వైరూ బ్రేకరూ ఉండాలి. 240 వోల్ట్‌ల మీద రాగి వైర్‌కి లెక్క ఇలా వస్తుంది.

5 కిలోవాట్లు: 20.8 ఆంప్స్ తీసుకుంటుంది. 125 శాతం అంటే 26. కాబట్టి 30 ఆంప్స్ బ్రేకర్, 10 గేజ్ వైర్.
7.5 కిలోవాట్లు: 31.3 ఆంప్స్. 125 శాతం అంటే 39. కాబట్టి 40 ఆంప్స్ బ్రేకర్, 8 గేజ్ వైర్.
10 కిలోవాట్లు: 41.7 ఆంప్స్. 125 శాతం అంటే 52. కాబట్టి 60 ఆంప్స్ బ్రేకర్, 6 గేజ్ వైర్.

గేజ్ నంబర్ తగ్గే కొద్దీ వైర్ లావు పెరుగుతుందని గుర్తుంచుకోండి. మీ హీటర్ మాన్యువల్ ఇంతకంటే పెద్దది అడిగితే మాన్యువల్ మాటే ఫైనల్.

ఈ లెక్క చూస్తే ఇన్సులేషన్ విలువ మళ్లీ అర్థమవుతుంది. 10 కిలోవాట్ల నుంచి 5కి దిగితే బ్రేకర్ 60 నుంచి 30కి దిగుతుంది, లావు వైర్ ఖర్చు తప్పుతుంది.

గ్యారేజ్‌లో ఎలక్ట్రిక్ కారు కూడా ఉంటే ఇది ఇంకా ముఖ్యం. 48 ఆంప్స్ మీద ఛార్జ్ చేసే వాల్ ఛార్జర్‌కి 60 ఆంప్స్ బ్రేకర్ కావాలి. మీ ఇంటి మెయిన్ 100 ఆంప్స్‌ది అయితే ఛార్జర్, హీటర్, బట్టల డ్రయర్, ఎలక్ట్రిక్ స్టవ్ అన్నీ కలిసి దాన్ని దాటేయవచ్చు. ప్యానెల్‌లో ఖాళీ స్లాట్ కనిపిస్తే కరెంట్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌తో లోడ్ క్యాలిక్యులేషన్ చేయించండి. చాలా ఛార్జర్లలో కరెంట్ తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని తగ్గిస్తే ప్యానెల్ మార్చే పెద్ద ఖర్చు తప్పే అవకాశం ఉంది.

ఇంకో చిన్న ట్రాప్. కొన్ని కాండోలకూ టౌన్‌హౌస్‌లకూ 240 కాకుండా 208 వోల్ట్‌ల సరఫరా వస్తుంది. అక్కడ 5,000 వాట్ల హీటర్ సుమారు 3,750 వాట్లే ఇస్తుంది. ఆర్డర్ పెట్టే ముందు వోల్టేజ్ కొలిపించుకోండి.

ఎక్కడ బిగించాలి?

హీటర్ వచ్చాక చాలామంది చేసే మొదటి పని నిచ్చెన ఎక్కడం. దానికంటే ముందు గ్యారేజ్ డోర్ పూర్తిగా ఎత్తి చూడండి. పైకి లేచిన డోర్ సీలింగ్ కింద అడ్డంగా పరుచుకుంటుంది. హీటర్ దాని పైన పడితే వేడి గాలి నేరుగా డోర్‌కి కొడుతుంది. అటకకు ఎక్కే మడత నిచ్చెన, కారు బానెట్, ఎస్‌యూవీ వెనక డోర్ పైకి లేచే ఎత్తు కూడా చూసుకోండి.

ఎక్కువ గ్యారేజ్‌లకు వెనక మూల బాగుంటుంది. అక్కడి నుంచి గాలి ఐమూలగా ఎదుటి మూలకు వెళ్లేలా, కాస్త కిందికి వంచి పెట్టండి. వేడి గాలి తేలిగ్గా ఉంటుంది కాబట్టి సూటిగా పెడితే సీలింగ్ దగ్గరే ఉండిపోతుంది. పెట్రోల్ డబ్బాలు, పెయింట్, అట్టపెట్టెలు గాలి దారిలో ఉండకూడదు. గోడ నుంచి, సీలింగ్ నుంచి, నేల నుంచి ఎంత దూరం ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. అది సలహా కాదు, రూల్.

గ్యాస్ హీటర్‌కి ఎత్తు విషయంలో ఇంకో కారణం ఉంది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. అందుకే గ్యారేజ్‌లో నిప్పు పుట్టే భాగం నేలకు కనీసం 18 అంగుళాల పైన ఉండాలని కోడ్ చెప్తుంది. సీలింగ్ మౌంట్‌తో ఆ గొడవ తీరిపోతుంది.

దేనికి బిగించాలి?

5 కిలోవాట్ల హీటర్ పది పన్నెండు కిలోల దాకా ఉంటుంది. గ్యాస్‌ది అయితే ఇంకా ఎక్కువ. పైగా ఫ్యాన్ తిరిగినంతసేపూ సన్నగా వణుకుతూ ఉంటుంది. డ్రైవాల్ అంటే జిప్సం అట్ట. దానికి ప్లాస్టిక్ యాంకర్ కొట్టి హీటర్ వేలాడదీస్తే ఏదో ఒక రోజు కారు మీదో మనిషి మీదో పడుతుంది.

డ్రైవాల్ పైన 16 లేదా 24 అంగుళాలకు ఒకటి చొప్పున చెక్క దూలాలు ఉంటాయి. వీటినే జాయిస్ట్‌లు అంటారు. స్టడ్ ఫైండర్‌తో వాటిని కనిపెట్టి, సన్నటి మేకుతో మధ్యభాగం కన్ఫర్మ్ చేసుకోండి. ముందు పైలట్ హోల్ వేసి, ల్యాగ్ బోల్ట్ దూలం నడిమధ్యలోకి దింపండి. బోల్ట్ సైజు మాన్యువల్ చెప్పిందే వాడండి.

హీటర్ బ్రాకెట్ రంధ్రాలు దూలాలకు సరిగ్గా రాకపోతే రెండు దూలాలను కలుపుతూ అడ్డంగా మందపాటి చెక్క గానీ స్టీల్ స్ట్రట్ ఛానెల్ గానీ బిగించి, దానికి హీటర్ తగిలించండి. మీ పైకప్పు ట్రస్‌లతో కట్టినదైతే వాటిని కోయడం, గాడి పెట్టడం అసలు వద్దు. ఒక్క ముక్క బలహీనపడినా మొత్తం ట్రస్ మీద ప్రభావం పడుతుంది.

వైర్ కోసం డ్రైవాల్‌లో వేసిన రంధ్రాన్ని ఫైర్ సీలెంట్‌తో మూయించండి. గ్యారేజ్‌కీ ఇంటికీ మధ్య ఉన్న ఆ జిప్సం, మంట ఇంట్లోకి పాకకుండా టైమ్ ఇవ్వడానికే ఉంది.

వైరింగ్: ఇక్కడ తొందర వద్దు

ముందుగా సిటీ నుంచి పర్మిట్ తీసుకోండి. సొంత ఇంట్లో సొంతంగా వైరింగ్ చేసుకోనిచ్చే చోట్లు చాలా ఉన్నాయి, కానీ రూల్స్ ఊరికో రకం. పర్మిట్ లేకుండా చేసి తర్వాత అగ్ని ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది. ప్యానెల్ లోపల పని మీకు కొత్త అయితే హీటర్ వేలాడదీయడం మీరు చేసుకుని, కనెక్షన్ ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. గ్యాస్ కనెక్షన్ అయితే లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి.

మీరే చేసినా చేయించినా ఈ ఐదు విషయాలు చూడండి.

మెయిన్ బ్రేకర్ ఆపినా బయటి నుంచి వచ్చే లావు వైర్ల బిందువుల్లో కరెంట్ ఉంటూనే ఉంటుంది. వాటి దగ్గరికి చెయ్యి పోకూడదు.

నాన్ కాంటాక్ట్ టెస్టర్‌ని ఒక్కదాన్నే నమ్మొద్దు. మల్టీమీటర్‌తో రెండు వైర్ల మధ్య, ఒక్కో వైర్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిచి సున్నా అని కన్ఫర్మ్ చేసుకోవాలి.

న్యూట్రల్ అక్కర్లేని హీటర్‌కి రెండు వైర్లు, ఒక ఎర్త్ ఉన్న కేబుల్ చాలు. అందులో తెల్ల వైర్ కూడా కరెంట్ మోస్తుంది కాబట్టి రెండు చివర్లా నల్ల లేదా ఎర్ర టేప్ చుట్టాలి. లేకపోతే రేపు ఎవరో దాన్ని న్యూట్రల్ అనుకుంటారు.

వైర్ గోడ మీద బయటికి కనిపించే చోట కండ్యూట్‌లో వెయ్యాలి. నిచ్చెన, పార తగిలే చోటు అది.

స్క్రూలు బాగా బిగించాలి. ఇది చిన్న విషయం కాదు. 20.8 ఆంప్స్ పారే చోట ఒక వదులు జాయింట్ 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఇచ్చిందనుకోండి. కరెంట్ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే 43 వాట్లు. అంటే మీ టేబుల్ మీద ఉండే సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, బాక్స్ లోపల ఎవరూ చూడని చోట, గంటల తరబడి. బ్రేకర్‌కి ఇది తెలియదు, ఎందుకంటే కరెంట్ పెరగలేదు. లేబుల్ మీద రాసిన టార్క్‌కి టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించడమే దీనికి మందు.

స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టొచ్చా?

మన రీడర్లకు వచ్చే మొదటి డౌట్ ఇదే కదా. గూగుల్ నెస్ట్, ఎకోబీ లాంటివి 24 వోల్ట్‌ల కంట్రోల్ వైర్ల కోసం చేసినవి. గ్యాస్ హీటర్లకు సాధారణంగా ఇదే 24 వోల్ట్‌ల కంట్రోల్ ఉంటుంది, కాబట్టి వాటికి సెట్ అవుతాయి. 240 వోల్ట్‌ల లైన్‌ని నేరుగా నెస్ట్‌కి కలిపితే థర్మోస్టాట్ కాలిపోవడమే కాదు, మంటలు కూడా రావచ్చు.

మైసా లాంటి లైన్ వోల్టేజ్ స్మార్ట్ థర్మోస్టాట్లు ఉన్నాయి గానీ వాటి పరిమితి 16 ఆంప్స్. మన 5 కిలోవాట్ల హీటర్ 20.8 తీసుకుంటుంది. పైగా చాలా ఫ్యాన్ హీటర్లు ఆఫ్ చేశాక కూడా కాయిల్స్ చల్లబడేదాకా ఫ్యాన్ తిప్పుతాయి. బయటి స్విచ్‌తో మొత్తం కరెంట్ ఒక్కసారే కోసేస్తే ఫ్యాన్ ఆగిపోయి వేడి లోపలే చిక్కుకుంటుంది. అందుకే వైఫై కావాలంటే అది లోపలే ఉన్న మోడల్ గానీ, బయటి థర్మోస్టాట్‌కి టెర్మినల్స్ ఇచ్చిన మోడల్ గానీ కొనండి.

ఇంకో మాట. ఫోన్ నుంచి ఆన్ చేయగలగడం బాగానే ఉంటుంది. కానీ హీటర్ ఎదుట ఎవరైనా అట్టపెట్టె పెట్టారో లేదో ఫోన్‌కి తెలియదు. గ్యారేజ్‌లో పెయింట్ స్ప్రే చేసే రోజు, పెట్రోల్ పోసే రోజు ఆటో షెడ్యూల్ ఆపేయండి.

ఆన్ చేశాక

మొదటిసారి ఆన్ చేసినప్పుడు కాస్త కాలిన వాసన వస్తుంది. కాయిల్స్ మీద ఉన్న ఫ్యాక్టరీ నూనె అది. డోర్ కొంచెం ఎత్తి పెట్టండి, కాసేపటికి పోతుంది. పోకుండా ప్లాస్టిక్ కాలుతున్న వాసన వస్తే వెంటనే ఆపేయండి.

క్లాంప్ మీటర్ ఉంటే ఒక వైర్ మీద కరెంట్ చూడండి. 5 కిలోవాట్ల హీటర్‌కి 20, 21 ఆంప్స్ దగ్గర ఉండాలి. అరగంట నడిచాక బ్రేకర్ ముఖాన్ని వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఓకే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే కనెక్షన్ మళ్లీ చెక్ చేయించండి. గ్యాస్ హీటర్ అయితే గ్యారేజ్‌ని ఆనుకున్న ఇంటి భాగంలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా ఉండాలి. ప్రతి చలికాలం మొదట్లో ఫ్యాన్ మీద పేరుకున్న దుమ్ము ఊదేయండి.

మరి ఫైనల్‌గా ఏం కొనాలి?

వారాంతాల్లో గ్యారేజ్‌లో గడిపేవాళ్లు: సీలింగ్ ఇన్సులేషన్, డోర్ సీల్స్, ఆపైన 5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ హీటర్.

రోజూ అక్కడే పని, గ్యాస్ లైన్ దగ్గర్లోనే ఉంది: 45,000 బీటీయూ గ్యాస్ హీటర్, లైసెన్స్ ఉన్నవాళ్లతో.

ఒకే బెంచ్ దగ్గర గంటా రెండు గంటలు: 1,500 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్.

అద్దె ఇల్లు: ఓనర్‌ని అడగకుండా ప్యానెల్ ముట్టుకోవద్దు. బ్యాటరీలు, రెసిన్ ఇంట్లోకి తెచ్చుకోండి.

బడ్జెట్‌లో మొదటి డాలర్ అటకలో పరిచే ఇన్సులేషన్ మీద పెట్టండి, రెండోది ఎలక్ట్రీషియన్ లోడ్ క్యాలిక్యులేషన్ మీద. ఆ తర్వాత మిగిలిన దాంతో కొన్న హీటర్ చిన్నదైనా సరే, జనవరిలో మీ ప్రింటర్ ఆగదు.